తామరాకు

అమెరికా బయల్దేరిన రోజు నాన్న మొహం చూడలేక ఓ మాటనేశాను. "తామరాకు మీద నీటిబొట్టులా ఉంటాను నాన్నా. రెండేళ్ళు. ఆనక జారుకుని వచ్చేస్తా."

ఆయన నవ్వి ఊరుకున్నారు.

తమాషా ఏమిటంటే, మిన్నియాపొలిస్‌లో నాకు దొరికిన పని కూడా తామరాకే. ఆ ఆకు గుట్టును 1997లో జర్మనీలో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు విప్పి రాశారు. చూడ్డానికి నునుపే గానీ ఒళ్ళంతా కంటికానని బొడిపెలు, వాటి మీద మైనపు నూగు. బొట్టు ఆ మొనల మీదే కూర్చుంటుంది, కిందంతా గాలి. అదే ఏర్పాటు సిలికా పొడితో చేసి, విమానం రెక్కలకీ కరెంటు తీగలకీ మంచు పట్టకుండా పూత తయారుచెయ్యాలని మా ల్యాబు తాపత్రయం.

నాన్న మొదటిసారి వచ్చింది మొన్న జనవరిలో. గొప్ప చూపించుకోవద్దూ! కారు ముందద్దానికి సగం పూత పూసి, సగం వదిలేశాను. గ్యారేజీలో మగ్గుతో నీళ్ళు పోస్తే పూత వైపు గోళీల్లా దొర్లిపోయాయి. ఆయన ఓ బొట్టును చూపుడువేలితో అంచుదాకా తరిమి, "అచ్చం మన చెరువే" అన్నారు. రాత్రి కారు బయటే పెట్టాను.

తెల్లవార్లూ పొగమంచు. పొద్దున గీకుడుబద్ద పెడితే ఉత్త అద్దం మీది మంచు పెచ్చులుగా లేచింది. పూత వైపు కరకరలే తప్ప కదలికలేదు. పళ్ళు బిగించి గీకితే ఊడింది, మంచుతోపాటు నా పూత కూడా.

"ల్యాబులో పొడిగాలి నాన్నా," అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. (మా వీడియోలు అంత ముచ్చటగా ఉండేది అందుకే.) "బొట్టయితే మొనల మీదే ఆగుతుంది. ఆవిరికి ఆ లెక్కలేదు. బొడిపెల సందుల్లో దూరి అక్కడే గడ్డకడుతుంది. ఇక సందుకో వేరు. నున్నటి అద్దం మీద దానికా పట్టు దొరకదు."

"అయితే నీళ్ళంటని దాన్నే మంచు గట్టిగా పట్టుకుంటుందన్నమాట."

"చలి అలాంటిది మరి. జారేదేదో గడ్డకట్టకముందే జారిపోవాలి."

నాన్న మఫ్లరు చెవులమీదికి లాక్కున్నారు.

"నువ్వొచ్చి ఎన్నేళ్ళయిందిరా?"

"పద్నాలుగు," అన్నాను, గీకుతూనే.