ఇద్దరూ ఒక్కరేనా?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో చదివిన కుర్రాణ్ణి నిద్రలో లేపి డేటాబేస్ నార్మలైజేషన్ అంటే ఏమిటని అడిగినా, ఫస్ట్ నార్మల్ ఫామ్ దగ్గర మొదలెట్టి బాయిస్-కాడ్ దాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెబుతాడు. 1970లో ఐబీఎంలో పనిచేస్తూ డేటాను టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ మోడల్‌ను ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన కుర్రాడికి ఆ నిర్వచనాలతోనే ఉద్యోగం వచ్చింది. ఇద్దరూ ధన్యులే. దిక్కులేకుండా మిగిలింది సూత్రమొక్కటే: ఒక నిజాన్ని ఒక్కచోటే రాయి, కావలసినవాళ్లు అక్కడికొచ్చి చూసుకుంటారు. ఈ ముక్క నోటికి వచ్చినంత సులువుగా చేతికి రాదు. ఎందుకంటే ఇది టేబుళ్ల పాఠంలా కనిపించే బాధ్యతల పాఠం.

నమ్మకం కుదరకపోతే ఆ పాఠం చెప్పే సెంటరువాళ్ల ఎక్సెల్ షీటునే ఊహించుకోండి. విద్యార్థి పేరు, కోర్సు, ఫీజు, మాస్టారి పేరు, మాస్టారి ఫోన్ నంబరు అన్నీ ఒకే వరుసలో. జావా బ్యాచ్‌లో 60 మంది ఉంటే మాస్టారి నంబరు 60 సార్లు పడుతుంది. ఆయన సిమ్ మారిస్తే 57 చోట్ల దిద్ది, మూడుచోట్ల మర్చిపోతారు. ఆ క్షణం నుంచి షీటు లెక్క ప్రకారం మాస్టార్లు ఇద్దరు. కొత్త కోర్సు పెడితే, ఒక్కడైనా చేరేదాకా దాని ఫీజు రాసుకోవడానికి చోటుండదు. ఆఖరి విద్యార్థి మానేశాడని వరుస చెరిపేస్తే కోర్సూ, ఫీజూ, మాస్టారూ అతని వెంటే వెళ్లిపోతారు. పోయింది ఒకడు, దినం నలుగురికి. మందు చిన్నదే. ఫోన్ నంబరు మాస్టారి గురించిన నిజం, విద్యార్థి గురించినది కాదు. ఎవరి నిజం వాళ్ల టేబుల్లో పెట్టి, చేరికల పట్టికలో కోడ్‌లు మాత్రం ఉంచితే సరి.

ఇదే రోగం సర్కారు కాగితాలకు సోకితే పౌరుడు మంచం పడతాడు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాన్ కార్డులో వెనక, రేషన్ కార్డులో పొడి అక్షరం, బ్యాంకు పాస్‌బుక్కులో ఎవరూ అడగని ఒక 'హెచ్'. టేబుళ్లను కలిపే పనిని జాయిన్ అంటారు. అది కంప్యూటర్ చేయాలి. ఇక్కడ జిరాక్సుల సంచీ చంకన పెట్టుకుని మనిషే ఆఫీసు ఆఫీసుకీ తిరిగి జాయిన్ అవుతుంటాడు. తప్పెక్కడ దిద్దాలంటే ప్రతి కౌంటరూ పక్క కౌంటరును చూపిస్తుంది. అందరి దగ్గరా ఉన్నది నకలే మరి. అసలు ఉన్నవాడే కదా జవాబుదారీ!

టేబుళ్లు ఎక్కువైతే జాయిన్లూ ఎక్కువై రిపోర్టు నెమ్మదిస్తుందంటారు అనుభవజ్ఞులు. నిజమే, అందుకే వేగం కోసం తెలిసి నకళ్లు పెట్టుకోవడమూ ఉంది. కానీ అసలెక్కడుందో తెలిసినవాడు తీసుకున్న నకలు వేరు, అసలే లేనివాడు పోగేసిన నకళ్లు వేరు. పాత బిల్లు మీది పాత చిరునామా మార్చకూడదు కదా అని మరొకరంటారు. మార్చకూడదు, అది ఆ రోజు నాటి నిజం, నేటి చిరునామాకు నకలు కాదు. అన్నీ ఒక్కచోట పెడితే దొంగకు సుఖం కాదా అనే భయమూ న్యాయమైనదే, గురే తప్పింది. ఒక నిజం ఒక్కచోట ఉండాలన్నారు గానీ, అన్ని నిజాలూ ఒకేచోట ఉండాలని అనలేదు. నార్మలైజేషన్ చేసేది విడగొట్టడమే.

కాబట్టి ఇంటర్వ్యూలో నిర్వచనాలు అడగడం మానేసి, "మాస్టారి నంబరు మారింది, ఎన్నిచోట్ల దిద్దాలి?" అని అడిగితే చాలు. ఒకటి అన్నవాడికి పాఠం వచ్చినట్టు. కాగితాల్లో పేరు తేడాలకు మనవాళ్లు కనిపెట్టిన మందు మాత్రం వేరు: ఈ రెండు పేర్లవాళ్లూ ఒక్కరేనని నోటరీ దగ్గర అఫిడవిట్. పేరు నాలుగుచోట్ల నాలుగు రకాలుగా ఉందన్న జబ్బుకు, ఐదోచోట రాయించడం వైద్యం. అందులో అక్షరం తప్పు పడలేదు కదా, ఓసారి చూసుకోండి.