దస్తీ వేసినవాడిదే సీటు

జనం మారుమాట లేకుండా పాటించే చట్టం మన దేశంలో ఏదైనా ఉందా అని వెతికితే రాజ్యాంగంలో దొరకదు, శిక్షాస్మృతిలో అసలే దొరకదు. పొద్దున్నే తాండూరు బస్టాండుకో, సాయంత్రం వికారాబాద్ బస్టాండుకో వెళితే దొరుకుతుంది. బస్సు ప్లాట్‌ఫాం మీద పూర్తిగా ఆగకముందే నాలుగు చేతులు కిటికీల్లోంచి లోపలికి దూరతాయి. ఒక చేతిలోంచి దస్తీ జారి సీటు మీద పడుతుంది. ఆ క్షణం నుంచి సీటు ఆ దస్తీది. దాని యజమాని ఇంకా డోరు దగ్గర గుంపులో నలుగుతూనే ఉంటాడు. అతనికన్నా ముందు ఎక్కినవాడు వస్తాడు, చూస్తాడు, నిట్టూర్చి వెనక వరసకు పోతాడు. పోలీసు లేడు, కోర్టు లేదు, చలానా లేదు. హెల్మెట్ పెట్టుకోమంటే హక్కుల గురించి ఉపన్యాసం ఇచ్చే మనిషి, మూత్రం పోయరాదని రాసిన గోడనే వెతుక్కుంటూ పోయే మనిషి, పదో ఇరవయ్యో పెట్టి కొన్న చెమట గుడ్డ ముందు ఇంత బుద్ధిమంతుడు ఎలా అవుతున్నాడు? పెద్ద పెద్ద ధర్మసందేహాలు తీర్చేవాళ్లు టీవీలో రోజూ కనిపిస్తున్నారు గానీ, ఈ చిన్న సందేహాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

రాతప్రతి లేకపోయినా ఈ చట్టానికి సెక్షన్లు బోలెడు. దస్తీ చెల్లుతుంది. తువ్వాల ఇంకా బాగా చెల్లుతుంది, దాని వెనక వయసు మళ్లిన మనిషి ఉంటాడని లెక్క. టిఫిన్ డబ్బా, చేతిసంచి తిరుగులేనివి. దినపత్రిక మాత్రం బలహీనమైన సాక్ష్యం. పోయిన ట్రిప్పులో ఎవరో వదిలేసి పోయారని వాదించవచ్చు, పైకి కనిపించే పేజీలో ఈ కాలమే ఉన్నా సరే. నీళ్ల సీసా దొర్లి కింద పడితే హక్కు కూడా దాంతోపాటే దొర్లిపోతుంది. వీటన్నిటికీ పైకోర్టు పిల్లలు. ఐదేళ్ల పోరణ్ని కిటికీలోంచి లోపలికి దింపితే రెండు సీట్లు ఖాయం, వాడు ఏడుపు అందుకుంటే మూడు. ‘అన్నా, జర లెవ్వు, దస్తీ ఏసిన’ అంటే కూర్చున్నవాడు లేస్తాడు. ‘నేను సూడలే’ అని మొండికేస్తే మూడు వరసల జనం దస్తీ తరఫున సాక్ష్యం చెబుతారు. ‘ఈడ మనిషి ఉన్నడు’ అన్న మాటకూ విలువ ఉంది, అయితే దానికి గడువుంది. డ్రైవరు హారన్ కొట్టేలోపు ఆ మనిషి రాకపోతే కేసు కొట్టేస్తారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దస్తీకి కూడా అడుగుదామనుకుంటే మిగతా జిల్లాలన్నీ అభ్యంతరం చెబుతాయి. న్యాయంగా చూస్తే వాటి అభ్యంతరం నిలబడుతుంది కూడా.

ఈ హక్కు ఎక్కడి నుంచి పుట్టిందో చెప్పడానికి ఇద్దరు సీమదొరలు ముందుకొస్తారు. ఎవరిదీ కాని వస్తువులో మనిషి తన శ్రమ కలిపితే అది అతని సొంతమవుతుందని జాన్ లాక్ 1689లో వాదించాడు. దస్తీకి ఇంతకన్నా మంచి వకీలు దొరకడు, ఆ గుడ్డలో చెమట నిజంగానే కలిసి ఉంది మరి. కానీ లాక్ ఒక షరతు పెట్టాడు: నువ్వు తీసుకున్నాక ఇతరులకూ సరిపడా, అంతే మంచిది మిగలాలి. పొద్దున ఏడు గంటల బస్సులో ఆ షరతు ఒక్క నిమిషం కూడా నిలవదు. కాబట్టి లాక్‌ను చేవెళ్లలో దించేసి, స్కాట్లండ్ నుంచి వచ్చిన డేవిడ్ హ్యూమ్‌ను ఎక్కించుకోవాలి. 1740లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఒక పడవ సంగతి చెప్పాడు. ఇద్దరు మనుషులు కలిసి తెడ్లు వేస్తారు, ఒకరికొకరు మాటిచ్చుకోకుండానే. ఆస్తి హక్కు కూడా అలాంటి చెప్పుకోని ఒప్పందమేనని ఆయన లెక్క. ఇవాళ నీ దస్తీని నేను మన్నిస్తే రేపు నా దస్తీని నువ్వు మన్నిస్తావు. ఇందులో మంచితనం పాలు ఎంత అని అడగకండి. రేపు కూడా ఇదే బస్సు ఎక్కాలన్న భయం ఉంటే చాలు.

హ్యూమ్ చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి బస్టాండు నుంచి రైల్వే స్టేషన్‌కు నడిస్తే సరిపోతుంది. తాండూరు, వికారాబాద్‌ల మీదుగా పోయే వాడి–సికింద్రాబాద్ లైను నిజాం కాలంలో, 1874లో పడింది. దూరప్రాంతం నుంచి వచ్చే రైల్లో రిజర్వేషన్ బోగీ ఉంటుంది. అందులో పడుకున్నాయన దగ్గర పేరు, వయసు, బెర్తు నంబరు అచ్చేసిన టికెట్ ఉంటుంది, ఆయన వెనక భారత ప్రభుత్వం ఉంటుంది, కోటు వేసుకున్న టీటీఈ ఉంటాడు. అయినా తెల్లారగట్ల నెలవారీ పాసుతో ఎక్కినవాళ్లు ఆయన కాళ్లు పక్కకు జరిపి ముగ్గురు కూర్చుంటారు. వీళ్లలో చాలామంది రైలు తప్పిపోయిన రోజున బస్సెక్కి దస్తీకి దండం పెట్టేవాళ్లే. తేడా ఎక్కడుంది? బెర్తు మీద పడుకున్న ఆసామి మళ్లీ ఈ జన్మలో కనిపించడు. దస్తీ వేసినవాడు రేపు పొద్దున మళ్లీ ప్రత్యక్షమవుతాడు. మన నీతి మనస్సాక్షి కన్నా టైంటేబుల్‌నే ఎక్కువ నమ్ముకుందని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అదే బస్సులో ఇంకో చట్టం ఉంది. అది పెయింటుతో రాసి ఉంది. స్త్రీలను గౌరవించమని, వాళ్లకు కేటాయించిన సీట్లలో వాళ్లనే కూర్చోనివ్వమని కిటికీల పైన దశాబ్దాలుగా బతిమాలుతోంది. సరిగ్గా ఆ అక్షరాల కింద తల ఆనించి నిద్రపోయిన మగవాళ్లు ఎందరో లెక్క లేదు. ‘జర లేస్తవా తమ్మీ’ అని ముసలావిడ అడిగితే ముందు కిటికీ బయటికి చూడటం, తర్వాత ఫోన్‌లోకి చూడటం, చివరికి కళ్లు మూసుకోవడం, ఇదీ వరస. దస్తీకి లేచినవాడు మనిషికి ఎందుకు లేవడు? ఎందుకంటే రేపు తనకు దస్తీ అవసరం పడుతుంది గానీ, తను రేపు ఆడమనిషి అయ్యే అవకాశం లేదు. తనకు ఎన్నడూ అవసరం పడని న్యాయం ఎవరికైనా గోడమీది రాతే.

2023 డిసెంబర్ 9న ఈ లెక్క కాస్త తారుమారైంది. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ వచ్చింది, రద్దీ పెరిగింది, ఇప్పుడు దస్తీలు వాళ్లూ వేస్తున్నారు. వెంటనే మగవాళ్లకూ కొన్ని సీట్లు కేటాయించాలన్న డిమాండ్ పుట్టుకొచ్చింది. రిజర్వేషన్ల వల్ల దేశం వెనకబడిందని అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పే పెద్దమనిషి కూడా దీనికి మద్దతు పలికాడు. ‘పైసలు పెట్టి టికెట్ కొన్నోడు నిలవడాలె, ఉత్తగ వచ్చినోళ్లు కూసోవాలెనా?’ అన్నది ఆయన ప్రశ్న. తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు, జవాబు మాత్రం ఉంది. జీరో టికెట్ ఉత్త టికెట్ కాదు, ఆ సొమ్ము ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాల్సిందే, అది ఆమె సబ్బు కొన్న ప్రతిసారీ పన్ను రూపంలో పోసిన ఖజానాలోదే. పైగా టికెట్ కొన్నది ప్రయాణానికి, సీటుకు కాదు. ఈ సంగతి ఇన్నేళ్లూ అదే బస్సులో నిలబడి పోయిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

ఇక అసలు అభ్యంతరం. దస్తీ కన్నా వరస మంచిది కదా, ముందు వచ్చినవాడు ముందు ఎక్కితే పోలేదా? పోతుంది. దస్తీ చట్టం పైకి సమానంగా కనిపించినా దాని లోపల పొడుగు చేతుల పక్షపాతం ఉంది. కిటికీ అందే ఎత్తు ఉండాలి, కదిలే బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తే మోకాళ్లు ఉండాలి. గర్భిణీకి, కర్ర పట్టుకున్న తాతకు, చంకలో పిల్ల ఉన్న తల్లికి ఇందులో ఓటు హక్కు లేదు. అమెరికాలో బోస్టన్ వాళ్లు మంచు తవ్వి కారుకు చోటు చేసుకుని, అందులో కుర్చీ వేసి ఇది నాది అంటారు. అక్కడి నగరపాలక సంస్థ మంచు ఎమర్జెన్సీ ముగిశాక 48 గంటల వరకు ఆ కుర్చీ జోలికి పోదు. వాళ్లు కనీసం పార పట్టుకుని మంచు తవ్వారు. మనవాడు తవ్విందేమీ లేదు, చెయ్యి చాపాడంతే. దస్తీ న్యాయం కాదు, గొడవ లేకుండా ముగించే ఏర్పాటు మాత్రమే. ఈ రెండింటినీ ఒకటనుకోవడం మనకు అలవాటైపోయింది.

భూకబ్జాకు మూలం ఈ దస్తీలోనే ఉందని అనేవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వ భూమి మీద నాలుగు నాపరాళ్లు పాతితే తనదైపోయిందనుకునేవాడు పెద్ద దస్తీ వేసినవాడే అని వాళ్ల వాదన. తాండూరులో రాళ్లకు కొదవ లేదు కనుక ఉదాహరణ బాగానే అతికింది. అయినా పూర్తిగా ఒప్పుకోలేం. బస్సులో దస్తీకి మెహదీపట్నం వస్తుంది. దిగాలి, దులుపుకోవాలి, సీటు వదలాలి. దస్తీని కొడుకు పేర రాసిచ్చినవాడు, దాని మీద బ్యాంకు లోను తెచ్చుకున్నవాడు ఇంతవరకు లేడు. పాతిన రాయికి మాత్రం దిగాల్సిన స్టాపు ఉండదు. రెవెన్యూ శాఖ ఆర్టీసీ దగ్గర నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదొక్కటే.

హ్యూమ్ ఇంకో మాట కూడా అన్నాడు, అదే మనకు గుచ్చుకోవాల్సిన మాట. కొరత ఉన్నచోటే ఆస్తి న్యాయం అవసరమవుతుంది, అన్నీ అందరికీ పుష్కలంగా ఉంటే దాని ఊసే ఉండదన్నాడు. మధ్యాహ్నం ఖాళీగా బయల్దేరే బస్సులో ఎవరూ దస్తీ వేయరు, కూర్చుని దాంతో ముఖం తుడుచుకుంటారు. అంటే మన దస్తీల నైపుణ్యమంతా యాభై సీట్ల బస్సు కోసం వందమంది నిలబడే పరిస్థితిని గొడవ లేకుండా నడిపించడానికి పనికొస్తోంది. కొట్టుకోకుండా సర్దుకుపోయే జనానికి ఇంకో బస్సు వేయాలని ఏ డిపోకు తోస్తుంది? ‘నువ్వు నా సీట్ల కూసున్నవ్’ అని తోటి ప్రయాణికుడి మీద పెంచిన గొంతులో పావు వంతు కూడా ‘రెండో బస్సేది’ అని అడగడానికి పెంచం. ఆడవాళ్లు, మగవాళ్లు, టికెట్ కొన్నవాళ్లు, జీరో టికెట్ వాళ్లు అంటూ నాలుగు ముఠాలుగా చీలి యాభై సీట్ల గురించే కొట్లాడుకుంటాం. యాభై ఒకటో సీటు ఎందుకు లేదన్న ప్రశ్నకు దస్తీ వేసినవాడు ఇంతవరకు ఎవడూ లేడు.

2025 నవంబర్ 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి హైదరాబాద్ పోతున్న బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. ఆ పొద్దున సీటు దొరికిందని సంతోషించినవాళ్లూ వాళ్లలో ఉండే ఉంటారు, దాని మీద వ్యంగ్యం రాయడానికి కలం కదలదు. ఆ తర్వాత మనం ఏం మాట్లాడుకున్నామన్నది మాత్రం రాయవచ్చు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు విస్తరణ దాని పక్కనున్న మర్రిచెట్లను కొట్టొద్దన్న కేసు పేరుతో ఏళ్ల తరబడి ఆగింది కనుక, చెట్లు ముఖ్యమా మనుషులు ముఖ్యమా అని రెండుగా చీలి తిట్టుకున్నాం. చెట్లు ఉంచి కూడా రోడ్డు వేయడం, వేసేదాకా టిప్పర్ల వేగానికి, బరువుకు ముకుతాడు వేయడం, ఒకే బస్సులో ఇంతమంది ఎక్కాల్సిన పని లేకుండా చూడటం ఎవరి ఉద్యోగమో అడిగిన గొంతులు ఆ గోలలో వినపడలేదు. ఉన్న ఇరుకులోనే ఎవరి పక్షం వాళ్లు దస్తీ వేసుకుని కూర్చున్నారు.

డిపో మేనేజర్లు అప్పుడప్పుడు ‘డయల్ యువర్ డీఎం’ అని ఒక గంటసేపు ఫోన్ దగ్గర కూర్చుంటారు. తేదీ, నంబరు పేపర్లో జిల్లా పేజీలో చిన్నగా వేస్తారు. ఈసారి వేసినప్పుడు ఆ పేపరును సీటు మీద పరవకండి, నంబరు రాసుకుని ఫోన్ చేయండి. పొద్దున ఏడింటికి ఇంకో బస్సు కావాలని అడగండి.