ఏది వాక్సెలనగ నెద్ది కాదు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

దిమ్మె దిమ్మె గాను తీర్చిన లోకమ్ము
తెరకు వచ్చు వేళ త్రిభుజ మగును
లోన నున్న దొకటి లోచనమ్మున కొండు
ఏది వాక్సెలనగ నెద్ది కాదు

అవతారిక

వీడియో గేముల లోకంలో మైన్‌క్రాఫ్ట్‌ను చూపించి "ఇదే వాక్సెల్ గ్రాఫిక్స్" అనేవారు ఒక పక్షం, "కాదు, అవన్నీ పాలిగన్లే" అని విసుక్కునేవారు మరో పక్షం. ఆ తగవు తీర్చడానికి పుట్టిందీ పద్యం. ఏ తాళపత్రాల్లోనూ వెతకనక్కరలేదు, ఈ వ్యాఖ్య కోసమే కట్టింది. కవీ వ్యాఖ్యాతా ఒక్కరే కనుక "కవి హృదయం ఏమనగా" అన్న చోట తడుముకోవలసిన పని లేదు.

ప్రతిపదార్థము

దిమ్మె దిమ్మె గాను = చిన్న చిన్న ఘనాకారపు ముక్కలుగా; తీర్చిన = పేర్చి సిద్ధపరచిన; లోకమ్ము = ఆటలోని ప్రపంచము; తెరకు వచ్చు వేళ = మానిటరు మీద గాని, టీవీ మీద గాని, ఫోను మీద గాని కనబడు సమయమున; త్రిభుజ మగును = మూడు భుజముల పలకలుగా మారును, అనగా పాలిగన్ జాతిలో కలియును; లోన = మెమరీ యందు; ఉన్నది ఒకటి = ఉన్న వస్తువు ఒకటి; లోచనమ్మునకు = కంటికి; ఒండు = వేరొకటి; వాక్సెలనగ = వాక్సెల్ అని చెప్పుటకు; ఏది = ఏది తగును?; ఎద్ది కాదు = ఏది తగదు?

"వాక్సెల్" చివరి పొల్లు ఛందస్సులో ఇమడక "అనగ"తో సంధి చేసుకుంది. కవిని మన్నించాలి. వ్యాఖ్యాత అప్పుడే మన్నించేశాడు.

తాత్పర్యము

ఆట తన ప్రపంచాన్ని ఎలా దాచుకుంటుంది అన్నది ఒక ప్రశ్న. దాన్ని తెర మీదికి ఎలా తెస్తుంది అన్నది ఇంకొక ప్రశ్న. రెండింటికీ ఒకే జవాబు చెప్పబోయినందువల్లే తగవంతా వచ్చింది.

విశేషములు

వాక్సెల్ అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఉన్న పట్టికలో ఒక గడి. ఆ గడిలో రాయి ఉందా, మట్టి ఉందా, గాలి ఉందా అన్నది నమోదై ఉంటుంది. పాలిగన్ అలా కాదు. అది పైచర్మం, దాని వెనక ఏమీ ఉండదు. బూందీ లడ్డును ఎక్కడ తుంచినా లోపల బూందీయే కదా, వాక్సెల్ వస్తువు ఆ బాపతు. పాలిగన్ వస్తువు రంగు వేసిన గుల్ల.

ఇక పూర్వపక్షం. "గళ్లు గళ్లుగా కనిపించేదే వాక్సెల్" అంటారు కొందరు. మన తార్కికులు ఏ లక్షణానికైనా మూడు దోషాలు వెతుకుతారు: అతివ్యాప్తి, అవ్యాప్తి, అసంభవం. ఈ లక్షణానికి మొదటి రెండూ పట్టాయి. 2014లో వచ్చిన క్రాసీ రోడ్‌లో కోడి గళ్లు గళ్లుగానే ఉంటుంది. కానీ ఆట నడిచేటప్పుడు అది మామూలు పాలిగన్ బొమ్మే, గళ్లు వేషం మాత్రమే. దాన్ని కూడా కలుపుకుంటే అతివ్యాప్తి. నో మాన్స్ స్కైలో నేల నున్నగా ఒంపులు తిరిగి ఉంటుంది, అయినా ఆ నేల పుట్టింది వాక్సెల్ పట్టికలోంచే. దాన్ని వదిలేస్తే అవ్యాప్తి. ఆసుపత్రిలో తీసే సీటీ స్కాన్ కూడా వాక్సెల్ పట్టికే, దాన్ని ఎవరూ గేమ్ అనరు. ఆ స్కాన్‌లోంచి ఎముక ఉపరితలాన్ని త్రిభుజాలుగా తీసే ఉపాయాన్ని 1987లో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తున్న లోరెన్సెన్, క్లైన్ ప్రకటించారు. పేరు మార్చింగ్ క్యూబ్స్. ఒక ఘనానికి ఎనిమిది మూలలు, ఒక్కో మూల లోపలో బయటో కావచ్చు కనుక 256 రకాలు. వాళ్లు వాటిని 15 నమూనాలకు కుదించారు. వాక్సెల్‌కూ త్రిభుజానికీ వియ్యం కుదిరింది వైద్యుల ఇంట. గేముల వాళ్లు తర్వాత వచ్చిన చుట్టాలు.

"దిమ్మె దిమ్మె గాను" అన్న చోట కవి మనసులో ఉన్నది మైన్‌క్రాఫ్టే. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో బయటికి వదిలి, 2011లో పూర్తి రూపంలో విడుదల చేసిన ఆట ఇది. అందులో లోకం నిజంగానే గళ్ల పట్టిక. మరి గీసేటప్పుడు? 16 × 16 × 16 దిమ్మెల ముద్ద ఒకటి తీసుకుందాం. మొత్తం 4,096 దిమ్మెలు. ఒక్కో దిమ్మెకు ఆరు ముఖాలు, ముఖానికి రెండు త్రిభుజాలు. అన్నీ గీస్తే 49,152. కానీ పక్కన మరో రాయి ఆనుకుని ఉన్న ముఖాన్ని ఎవరూ చూడబోరు. గాలికి తగిలే ముఖాలు మాత్రమే ఉంచితే, ముద్ద మొత్తం రాయే అయి చుట్టూ గాలే ఉన్నప్పుడు కూడా, మిగిలేవి 3,072 త్రిభుజాలు. మీరు గునపంతో ఒక దిమ్మె పగలగొట్టగానే ఆ భాగానికి చర్మం మళ్లీ కుట్టాలి. "తెరకు వచ్చు వేళ త్రిభుజ మగును" అన్న పాదానికి ఇదే ఉదాహరణ.

ఆ ఆటలోనే ఇంకో చమత్కారం ఉంది. అక్కడి ఆవు వాక్సెల్ కాదు! పెట్టెలు అతికించిన పాలిగన్ బొమ్మ. పట్టికతో దానికి పని లేదు, ఏ కోణంలోకైనా తిరుగుతుంది, గడికీ గడికీ మధ్య నిలబడుతుంది. పువ్వుకు పట్టికలో గడి ఉంది గానీ గీసేది దిమ్మెను కాదు, ఇంటూ గుర్తులా అడ్డంగా పెట్టిన రెండు పలకలను. ఒక్క తెర మీదే మూడు మతాలు.

రెండో పూర్వపక్షం మడివాదం. త్రిభుజం తాకిందా, మైలపడిందంతే, వాక్సెల్ కాదు అంటారు వీరు. వీరి మాట పట్టుకుంటే 2020లో మొదటిసారి వచ్చిన టియర్‌డౌన్‌కు కూడా మైల అంటుతుంది. గోడలు, కార్లు, బల్లలు అన్నీ చిన్న వాక్సెళ్లతో కట్టి, సుత్తితో బద్దలు కొట్టనిచ్చే ఆట అది. ప్రతి వస్తువు చుట్టూ ఉన్న పెట్టెను మాత్రం త్రిభుజాలతోనే గీస్తారు. ఆ పెట్టె గోడ దాటాక కిరణం గడి తర్వాత గడి తడుముకుంటూ వెళ్లి, నిండు గడి తగిలిన చోట ఆగి రంగు చెబుతుంది. గుమ్మం త్రిభుజానిది, ఇల్లు వాక్సెల్‌ది. దీన్ని వాక్సెల్ గ్రాఫిక్స్ అనకపోతే ఇంక ఆ మాటకు ఉపయోగమే ఉండదు.

"లోచనమ్మున కొండు" అన్నది కమాంచీకి బాగా అతుకుతుంది. 1992లో నోవాలాజిక్ సంస్థ తెచ్చిన హెలికాప్టర్ ఆట. తన పద్ధతికి వాక్సెల్ స్పేస్ అని ఆ సంస్థే పేరు పెట్టుకుంది. అప్పటికి ఇళ్లలోని పీసీలకు త్రీడీ కార్డులు లేవు, భారమంతా ప్రాసెసర్‌దే. ఉపాయం స్థూలంగా ఇది: రెండు పటాలు, ఒకదాంట్లో నేల రంగు, రెండోదాంట్లో నేల ఎత్తు. తెర మీద ఒక్కో నిలువు గీతకూ దగ్గర నుంచి దూరానికి నడుస్తూ, అంతకుముందు గీసినదానికంటే పైకి లేచిన మేరకే రంగు పూస్తారు. ముందు కొండ వెనక కొండను దానంతటదే మరుగుపరుస్తుంది. ఆనాటి పాలిగన్ ఆటల్లో కొండలు మడత పెట్టిన అట్టల్లా ఉంటే ఇవి నిజం కొండల్లా ఉండేవి. కాకపోతే ఒక్కో చోటికి ఎత్తు అంకె ఒక్కటే. అందుచేత గుహ ఉండదు, వంతెన కింద ఖాళీ ఉండదు. ఘనపరిమాణమే లేనిచోట వాక్సెల్ ఎక్కడిది? రూఢి వల్ల వచ్చిన పేరే తప్ప యోగార్థం లేదు. 1999 నాటి అవుట్‌కాస్ట్‌లో నేలది ఇదే పద్ధతి, మనుషులు మాత్రం పాలిగన్లు. కచ్చితంగా వాక్సెళ్లతో చేసినవి కావాలంటే అదే ఏడాది వచ్చిన టైబీరియన్ సన్‌లో యుద్ధవాహనాలు చూడాలి.

మరి నేర్పంతా వీటిలో ఉంటే పాలిగన్ ఎందుకు గెలిచింది? 1996లో వూడూ కార్డు వచ్చినప్పటి నుంచి ఇంటింటి త్రీడీ కార్డులు నేర్చిన విద్య త్రిభుజం గీయడమే. పైగా 1,024 గడుల భుజం గల ఘనంలో 107 కోట్లకు పైగా వాక్సెళ్లు పడతాయి. గడికి ఒక్క బైటు చొప్పున దాచినా ఒక జీబీ. చర్మాన్ని దాచడం చౌక, కండను దాచడం ఖరీదు.

కాబట్టి తీర్పు ఇది. మైన్‌క్రాఫ్ట్ వాక్సెల్ లోకం, పాలిగన్ చిత్రణ. "వాక్సెల్ గేమ్" అంటే ఒప్పు, "వాక్సెల్ రెండరింగ్" అంటే తప్పు. నమ్మని పాఠకులు ఆ ఆటను స్పెక్టేటర్ మోడ్‌లో పెట్టి నేలలోకి దిగి చూడండి. చుట్టూ రాయి కనపడదు. దూరాన గుహల గోడలు శూన్యంలో వేలాడుతూ కనిపిస్తాయి. మధ్యనున్న రాయి పట్టికలో భద్రంగానే ఉంది, దానికి త్రిభుజాలు మాత్రం ఎవరూ గీయలేదు.