బొంగు కాలినంతసేపు

పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళకి హనీమూన్‌కి వెళ్ళారు ఆ మాస్టారూ, టీచరమ్మా. కావాలని వెళ్ళింది కాదు. విజయనగరంలోని పాత ఇంటికి ఫ్లోరింగు మార్పిస్తానని కొడుకు పూనుకున్నాడు. గచ్చు పగలగొడితే లేచే దుమ్ముకి వాళ్ళమ్మకి ఆయాసం తిరగబెడుతుందని, పని పూర్తయ్యేదాకా ఇద్దర్నీ అరకులో ఉండమన్నాడు. నెలరోజులకి హోటలు గది వెతికితే అన్నిట్లోకీ చవగ్గా దొరికింది హనీమూన్ ప్యాకేజీ. వయసు ఎంతని ఎవరూ అడగలేదు కాబట్టి వాడూ చెప్పలేదు.

గది తలుపు తీసేసరికి మంచం మీద గులాబీ రేకులతో పేద్ద హృదయం, దానికి అటొకటీ ఇటొకటీ మెడలు వంచుకున్న తెల్లటి పిట్టలు.

"ఈ కొంగలేవిటోయ్?" అన్నారు మాస్టారు.

"కొంగలు కాదండీ, హంసలు. తువ్వాళ్ళతో చేశారు."

ఆ రాత్రి హంసల్ని విప్పడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న ఒక్క తువ్వాలుతోనే ఇద్దరూ కానిచ్చారు.

అసలు ముచ్చట రైల్లోనే మొదలైంది. విశాఖపట్నంలో పొద్దున్నే కిరండోల్ రైలెక్కారు. 2017లో ఆ బండికి తగిలించిన అద్దాల పెట్టెలో, పైకప్పులోంచి కూడా ఆకాశం కనబడే సీట్లు. మాస్టారు సైన్సు చెప్పి రిటైరయినవారు. ఎదురుగా ఒక్క శ్రోత ఉంటే చాలు, పాఠం మొదలైపోతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి 1960లలో ఈ లైను వేశారనీ, మొత్తం 58 సొరంగాలున్నాయనీ, శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉందనీ చెప్పుకుపోతున్నారు. బొడ్డవర దాటి బండి కొండెక్కాక మొదటి సొరంగం వచ్చింది. చీకట్లో పాఠం ఆగింది. వెలుతురు వచ్చేసరికి టీచరమ్మ చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఆయన గబుక్కున వదిలేసి, "ఎక్కడున్నాం... ఆఁ, ఖనిజం" అన్నారు. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. కాసేపటికి ఆవిడ "ఇంకా ఎన్ని ఉన్నాయండీ?" అని అడగడం మొదలుపెట్టింది. పాపం పెద్దావిడ చీకటంటే భయపడుతోందనుకుని వెనక సీటాయన ధైర్యం చెప్పాడు.

హోటలు భోజనాల గదికి మూడు పక్కలా అద్దాలు. పొద్దున్న పూట కిందంతా మంచు నిండి, లోయ ఉన్న జాడే ఉండదు. తొమ్మిదింటికి ఒక్కో చెట్టూ బయటపడుతుంది. అద్దం పక్క బల్ల వాళ్ళదైపోయింది. ఒక్క కాఫీ చెప్పి రెండు కప్పులు తెప్పించుకునేవారు. డబ్బుకి కాదు, రెండో కాఫీ ఆర్డరిచ్చే వంకతో ఇంకాసేపు కూర్చోవచ్చని. ఇది సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరిగే అరబికా అనీ, ఆ చెట్లకే మిరియాల తీగ పాకిస్తారనీ, 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందనీ ఆయన చెప్పేవారు. ఆవిడ విన్నట్టే ఊఁ కొట్టేది. ఆవిడ ఆనందం వేరు. ముప్పై ఎనిమిదేళ్ళలో అందరికీ వడ్డించాక ఆఖరి పంక్తిలో చల్లారిన అన్నం తిన్న మనిషి, మొగుడికి ఎదురుగా కూర్చుని, వేడివేడి పూరీ బుస్సుమని కుంగిపోకముందే తుంచుతోంది.

చూడవలసినవన్నీ మొదటి వారంలోనే చూసేశారు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి. పసుపు దుప్పటి పరిచినట్టున్న వలిసెపూల చేలో రైతుకి డబ్బులిచ్చి ఫొటో దిగారు. పద్మాపురంలో చెట్ల మీద కట్టిన గదులు చూసి మాస్టారు "ఎక్కుదామా?" అంటే, "మోకాళ్ళు దింపుతాయా?" అంది ఆవిడ. థింసా ఆడే ఆడవాళ్ళు ఒకరి నడుం మీద ఒకరు చేతులేసుకుని గొలుసులా తిరుగుతుంటే, చివరి ఆమె చెయ్యి చాపి టీచరమ్మనీ లాక్కుంది. మాస్టారు చప్పట్లు కొడుతూ నిలబడిపోయారు. ఊళ్ళో అయితే ఆ చప్పట్లకి నలుగురూ నవ్విపోదురు.

ఆ తర్వాత ఇంక మిగిలింది భోజనమే. భోజనం అంటే బొంగు చికెన్.

దీన్ని వాళ్ళకి అంటగట్టింది వడ్డించే కుర్రాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కొండ మీద ఎక్కడో ఊరు. ఇంట్లో ఆదివాసీ ఒడియా, ఇక్కడ తెలుగు. మొదటిరోజు సాయంత్రం అయిదు కాకుండానే బల్ల దగ్గరికొచ్చి, "రాత్రికి బొంగు చికెన్ చెప్పేస్తారా అమ్మగారూ? ఇప్పుడు చెప్తేనే అవుద్ది" అన్నాడు. హోటల్లో చెయ్యరట. చాపరాయి దారిలో ఒక బండి ఉంది, అక్కడ కాల్పించుకుని స్కూటరు మీద తెస్తాడట. కార్తీకం వెళ్ళిపోయింది కాబట్టి నీచుకి అడ్డం లేదు. సరేనన్నారు.

తిన్నాక మాత్రం మాస్టారు వాడికి మనసులోనే వందకి వంద వేశారు. అల్లం, వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి నిప్పుల మీద పడేస్తారు. చుక్క నూనె వెయ్యరు. వెదురులోని తేమే ఆవిరై ముక్కని ఉడికిస్తుంది. అరటాకు మీద గుమ్మరిస్తే పొగ వాసన ముందొచ్చి, కారం వెనకొచ్చి, ఆఖర్న పచ్చి వెదురు కమ్మదనం తగులుతుంది. పట్నాల హోటళ్ళలో వండిన కూరని తెచ్చి బొంగులో పోసి బల్ల మీద పెడతారు చూడండి, దాన్ని ఈ పేరుతో పిలవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అప్పట్నుంచి రోజూ అదే. సోమవారం, శనివారం తప్ప. ఆ రెండు రోజులూ కుర్రాడి మొహం చిన్నబోయేది. "శనివారం అసలే తినరా అమ్మగారూ? గుడ్డు కూడానా?" అని ఆశగా అడిగేవాడు. మిగతా రోజుల్లో 'సరే తెమ్ము' అనడమే ఆలస్యం, తల తడి చేసుకుని, స్కూటరు అద్దంలో చూసి దువ్వుకుని, రివ్వున పోయేవాడు.

"వీడికి ఆ బండి దగ్గర కమిషన్ ఉందోయ్" అన్నారు మాస్టారు.

"ఉంటే ఉండనీండి. చెమటోడ్చి తెస్తున్నాడు."

"ఈ చలిలో చెమటేవిటి!"

వాడు వెళ్ళి వచ్చేసరికి గంటపైనే. ఆ గంటా ఇద్దరూ అద్దం పక్కన ఖాళీ పళ్ళేల ముందు కూర్చునేవారు. టీవీ లేదు, వంటిల్లు లేదు, గేటు దగ్గర పిలిచేవాళ్ళు లేరు. లోయలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే, మరిచిపోయామనుకున్న మాటలన్నీ బయటికొచ్చేవి. ఒకరోజు కరివేపాకు సంగతి వచ్చింది.

1985లో పెళ్ళి. బొబ్బిలిలో పదకొండుమంది ఉన్న ఇల్లు. మాస్టారికి దూరపు పల్లెలో ఉద్యోగం, వారానికొక్కసారి ఇంటికి రాక. వచ్చినా వరండాలో మగవాళ్ళ వరస పడకలు, లోపల ఆడవాళ్ళ వరస. పెరట్లో నూతి వెనక కరివేపాకు చెట్టొకటి ఉండేది. సందెవేళ అత్తగారు "అమ్మాయ్, రెండు రెమ్మలు కోసుకురా" అంటే ఈవిడ వెళ్ళేది. అదే సమయానికి ఆయనకి కాళ్ళు కడుక్కోవాలనిపించేది. ఆ రోజుల్లో ఆ ఇంటి పులుసులో ముక్కల కంటే కరివేపాకే ఎక్కువ. ఎవరూ ఎందుకని అడగలేదు, ఒక్క బాబయ్యగారు తప్ప. ఆయన మహా దయామయుడు. 'కోడలుపిల్ల పొద్దుగూకాక పురుగూ పుట్రా మధ్యకి ఎన్నిసార్లు తిరుగుతుందర్రా' అని నొచ్చుకుని, కడియం నుంచి మంచి మొక్క తెప్పించి, వంటింటి గుమ్మం పక్కనే తొట్టెలో పాతించారు.

"ఆ మొక్కకి రోజూ వేన్నీళ్ళు పోశానండీ, తెలుసా? ఆర్నెల్లు పోశాను. చావలేదు!"

"నువ్వా? నేను ఉప్పు వేశానే!"

భోజనాల గదిలో తలలన్నీ వాళ్ళవైపు తిరిగేలా నవ్వుకున్నారు. దుర్మార్గుడు బాబయ్య, అన్నారు మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ. పోయిన మనిషిని అలా అనకండి, అంది ఆవిడ. అని, తనూ ఒక మాట అంది. అది ఇక్కడ రాయడం బావుండదు.

ఆ వారంలోనే చలి బిగిసింది. రాత్రి పొగమంచులో రోడ్డు ఆనడం లేదు. ఒకనాడు కుర్రాడు బొంగు పట్టుకుని వచ్చేసరికి వాడి కనుబొమల మీద కూడా మంచు తడి. మాస్టారికి కడుపులో దేవినట్టయింది. మనం తినే నాలుగు ముక్కల కోసం ఎవరో కన్న బిడ్డ ఈ మలుపుల్లో పడిపోతే! మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్ళి కూర్చున్నారు. బొంగుల్నీ కోళ్ళనీ ఇక్కడికే తెప్పించుకుని పెరట్లో నిప్పులేసుకోవచ్చు కదా అన్నారు. వంటవాడికి రాదంటే, ఆయనే కాగితం అడిగి బొమ్మ గీశారు. బొంగు, కణుపు, ముక్కలు, మూత, నిప్పులు, ఆవిరి; ఒక్కోదానికీ బాణం గీత వేసి పేరు రాశారు. ఎండిన వెదురు పెట్టకండి, అంటుకుంటుంది, అన్నారు. సగం కాలాక తిప్పాలి, అన్నారు. వంటవాడు రెండు బొంగులు మాడ్చి, మూడోది బాగానే కాల్చాడు.

ఈ సంగతేదీ టీచరమ్మకి చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామని.

రెండు రోజుల తర్వాత రాత్రి, కుర్రాడు వచ్చి అడగకుండానే, మేనేజరే స్వయంగా పళ్ళెం పట్టుకొచ్చాడు. వెనకాల కొత్తగా అచ్చేసిన మెనూ కార్డు. "మీ సలహాయే సార్. మెనూలో పెట్టేశాం. ఈవేళ్టిది మీకు ఉచితం. ఇకపై గంట కూర్చోనక్కర్లేదు, అమ్మా! కాల్చి రెడీగా ఉంచుతాం, చెప్పిన పది నిమిషాల్లో బల్ల మీద ఉంటుంది."

మాస్టారు ఛాతీ ఉబ్బించి ఆవిడ వైపు చూశారు. ఆవిడ ఒక ముక్క నోట్లో పెట్టుకుని బావుందంది. నిజంగానే బావుంది. పది నిమిషాల్లో వచ్చింది, పావుగంటలో అయిపోయింది. ఏడు కూడా కాలేదు. ఇప్పుడేం చేద్దామండీ, అంది ఆవిడ. గదిలో టీవీ ఉందిగా, అన్నారు ఆయన.

కుర్రాడు నీళ్ళ జగ్గు పట్టుకుని గోడవార నిలబడి ఉన్నాడు. తల దువ్వుకోలేదు. మాస్టారు హుషారుగా చెయ్యి ఊపి పిలిచారు.

"ఏం నాయనా, నీ కమిషన్‌కి గండి కొట్టానా?"

"కమిషనేటి సార్?"

"ఆ బండివాళ్ళు నీకిచ్చేది. లేకపోతే రోజూ బొంగు చికెన్, బొంగు చికెన్ అని మా వెంట ఎందుకు పడతావురా!"

వాడు ఒకసారి మేనేజరు వెళ్ళిన వైపు చూశాడు.

"ఆ బండి మా అత్తోళ్ళది సార్. బొంగులు కాల్చేది మా ఇంటిది."

టీచరమ్మ గ్లాసు కింద పెట్టేసింది.

"పెళ్ళెప్పుడయింది బాబూ?"

"ఇటుకల పండగయ్యాక అమ్మగారూ. దసరాకి ఇక్కడ పనిలో చేరినాను. సీజన్ దాటేదాకా సెలవు లేదన్నారు. పనయ్యేసరికి నాకు పదకొండు అవుద్ది, దానికేమో ఏడింటికే ఆఖరి ఆటో, ఊరెళ్ళిపోద్ది. ఎవరన్నా బొంగు చెప్తే పంపిస్తారు కదా... అది కాలినంతసేపూ..."

మిగతాది వాడు చెప్పలేదు. మాస్టారి గొంతు పెగల్లేదు కాసేపు.

"నేను... మేనేజరుతో నేనే..."

"తెల్సు సార్, మేనేజరుగారు చెప్పారు. చలిలో తిరుగుతున్నానని మీరు శానా బాధపడ్డారంట." వాడు వంగి ఆయన గ్లాసులో నీళ్ళు పోశాడు. "నా కోసం ఎవ్వరూ అంత ఇదిగా చెప్పలేదు సార్ ఇప్పటిదాకా."