టీకాతాత్పర్య సహిత ఫిల్టరు సూత్రము

మూలము: “సార్, మీ బండికి ఫిల్టరు బ్లాకై ఉంది. హైవే ఎక్కి ఒక రౌండు బాగా తోలుకొని రాండి.”

అవతారిక: ఈ సూత్రమును చెప్పినవాడు చింతామణిలో మదనపల్లె పోవు రోడ్డు ప్రక్కన ఱేకుల కప్పు క్రింద పని చేసికొను మెకానిక్కు, వినినవాడు, బెంగళూరిలో నొక యుద్యోగి నాలుగేండ్లు నడిపి విడిచిన డీజిలు బండిని చవుకగా దొరకెనని కొని తెచ్చి, తెల్లవాఱినది మొదలు టొమేటో మండికిని, మండినుండి బ్యాంకునకును, బ్యాంకునుండి ఇంటికిని త్రిప్పుచుండిన వర్తకుడు. డ్యాష్‌బోర్డున పసుపుపచ్చని దీప మొకటి వెలిగి, కొన్నాళ్ళు ఎవరును పట్టించుకొనకున్నను వెలిగియే యుండి, తుదకు ఎంత తొక్కినను బండి పరుగెత్తనని మొరాయించిన పిమ్మట ఇతడు గురువు నాశ్రయించెను. మూలమున లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు మల్లినాథసూరి పట్టిన ప్రతిజ్ఞను మేము పట్టజాలము. అక్కఱలేనిది కొంత పలికెదము. “రాండి” యను క్రియను చూచి కోస్తా పండితులు నొసలు చిట్లింప బనిలేదు. కైవార తాతయ్య తెలుగున తత్త్వములు పాడిన తాలూకాలో తెలుగునకు ఒకరి యోగ్యతాపత్రము అక్కఱలేదు.

ప్రతిపదార్థము:

సార్: సంబోధనము. బిల్లు ఎంతయగునో ఇంకను తేలనందున స్వరము మృదువు.

మీ బండికి: ఈ “మీ” యందు గూఢమైన ధ్వని కలదు. ఆర్.సి. పుస్తకమున పేరు మాఱినంత మాత్రమున ఫిల్టరునందలి మసి తొలగిపోదు. పూర్వ యజమాని బెంగళూరు సిగ్నళ్ళయొద్ద గంటలకొలది నిలిచి కూడబెట్టినదంతయు, వేదాంతులు సంచితమని చెప్పు రీతిగా, కొనినవానికి సంక్రమించును. మీటరు త్రిప్పి కిలోమీటర్లను తగ్గించు విద్య తెలిసినవారు కలరు గాని, లోపల నిలిచిన బూడిదను త్రిప్పి తగ్గించువాడు లేడు. కావున బేరము కుదురుటకు ముందే స్క్యానరు తగిలించి, మసి ఎంత నిండినదో, కడపట అది దహింపబడి ఎన్ని కిలోమీటర్లయినదో చదివించుకొనుట వివేకము. మనవారో, టైర్లను కాలితో తట్టి, తలుపును రెండుమార్లు వేసి చప్పుడు విని, చక్రముల క్రింద పెట్టుటకు నిమ్మకాయలు తెప్పింతురు.

ఫిల్టరు: 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి భారత్ స్టేజి 6 ప్రమాణములు దేశమెల్ల అమలగుటతో డీజిలు కార్ల పొగగొట్టమున స్థిరపడిన పింగాణి జల్లెడ. ఫ్రాన్సుదేశపు ప్యూజో సంస్థ 2000 సంవత్సరముననే దీనిని తన 607 కారునకు అమర్చి అమ్మినది. మనకు చేరుటకు రెండు దశాబ్దములు పట్టెను. వేలకొలది సన్నని నాళములు ఇందు ప్రక్కప్రక్కన నుండును. ఒకదానికి ముందు మూత, దాని ప్రక్కదానికి వెనుక మూత. అందుచేత పొగ నాళముల గోడలగుండ దూఱియే పోవలసివచ్చును. వాయువు దాటిపోవును, మసి నిలిచిపోవును. ఇట్టి సున్నితపు సామగ్రి చెడకుండుటకై డీజిలునందలి గంధకమును సైతము పదిలక్షల పాళ్ళకు 50 నుండి 10 పాళ్ళకు దింపిరి. చిన్నబండ్లకు ఈ వ్యయము గిట్టదని మారుతి సంస్థ ఆ ఏప్రిల్ నుండియే డీజిలుకు స్వస్తి చెప్పెను.

బ్లాకై ఉంది: ధూమమును చూచి వహ్నిని అనుమానింపుమని తార్కికులు బోధింతురు, ఇచ్చట వహ్ని చాలకపోవుటచేతనే ధూమశేషము పేరుకొన్నది. మసి సుమారు 600 డిగ్రీల వేడికి గాని తనంత తాను తగులబడదు. మండికి పోయివచ్చు బండి పొగగొట్టము ఆ వేడిని కలలోనైన చూడదు. జల్లెడకు ముందు వెనుకల పీడనభేదమును కనిపెట్టి, మసి నిండుచున్నదని తెలిసినపుడు బండిలోని కంప్యూటరు మామూలుకన్న అధికముగా డీజిలు చిమ్మించి, దానిని జల్లెడకు ముందున్న ఉత్ప్రేరకమున మండించి, ఆ వేడిచే మసిని కాల్చుటకు ఉపక్రమించును. అప్పుడు ఇంజను వేగ మొకింత హెచ్చును, ఫ్యాను హోరుమనును, ఏదో కమురు వాసన వచ్చును. యజమాని బండికేదో కీడు మూడినదని బెదరి, సరిగ్గా ఆ నిమిషముననే తాళము త్రిప్పి ఆర్పివేయును. యజ్ఞమధ్యమున అగ్నిని చల్లార్చిన పాపమునకు ధర్మశాస్త్రములలో ఏ నరకము చెప్పబడినదో కాని, ఇచ్చటి ఫలము ప్రత్యక్షము: కాలని డీజిలు సిలిండరు గోడల వెంబడి జాఱి ఇంజను ఆయిలులో కలియును. మన వర్తకుడు కొలబద్ద తీసి చూచినపుడు ఆయిలు తఱుగుటకు మాఱు గీత దాటి పెరిగియుండగా, అక్షయపాత్ర లభించినదని సంతసించెనట! ఆ పలుచనైన ఆయిలుతో ఇంజను అరుగుచుండుట ఆయనకు తెలియదు. తెలిసినపిదప ఆయిలు మార్పించెను.

ఇచ్చట నొక విభాగము అవసరము. పొయ్యిలో కట్టె కాలును గాని బూడిద కాలదు. ఫిల్టరునందును ఇంజను ఆయిలులోని రసాయనములవలన పుట్టిన బూడిద కొంత చేరును. దానిని ఏ హైవేయు తొలగింపజాలదు. అందుచేతనే బండితో వచ్చిన పుస్తకమున తక్కువ బూడిద నిచ్చు ఆయిలునే పోయుమని వ్రాయుదురు. ఆ పుస్తకము సెకండుహ్యాండు బండ్లతో రాదు.

హైవే ఎక్కి: సూత్రమునకు ప్రాణ మీ పదము. ఏ హైవే? శ్రీనగరమునుండి కన్యాకుమారి వఱకు సాగు 44వ నంబరు రాజమార్గమని గ్రహింపవలెను. ముసలివారికి అది ఇప్పటికిని ఏడవ నంబరే. చింతామణినుండి శిడ్లఘట్టము మీదుగా చిక్కబళ్ళాపురము చేరు దారికి ఎట్టి ఫలకములు నాటినను ఈ సూత్రమునందు హైవే యను సంజ్ఞ చెల్లదు. ఊరూరికి హంపులు, పట్టుగూళ్ళ మూటలతో మోపెడ్లు, తమ మార్గ మిదియేయని నడిచెడి మేకలు అచ్చట అడ్డపడును. పైగా కోతలకాలమున రైతులు రాగి కంకులను, ఉలవపైరును కోసి తెచ్చి రోడ్డున పఱచి, వచ్చిపోవు బండ్లచేతనే నూర్పిడి చేయింతురు. కూలి లేని నూర్పిడికి మెచ్చుకొనవలసినదే. కాని మసి కాలుచున్న సమయమున బండి అడుగున ఆ ఎండుకట్టె చుట్టుకొన్న యెడల ఫిల్టరుతో పాటు బండియు శుద్ధియగును. అట్టి రోడ్డున ఆగుట ఆ సమయమున ప్రమాదము. చిక్కబళ్ళాపురము దాటి బాగేపల్లి దిక్కునకు తిరిగినపుడే సుమారు 40 కిలోమీటర్ల మేర నిరాటంకమైన మార్గము దొరకును. ప్రతివారము పుట్టపర్తికో పెనుగొండకో పోవువానికి ఇట్టి బండి చక్కగా అమరును, దీపము వెలుగుట యన నేమో ఎఱుగకయే కాలము గడపును. జీవితమంతయు మండికిని ఇంటికిని నడుమ ముగియువాడు పెట్రోలు బండిని కొనవలెనని వ్యాఖ్యాత నిశ్చితాభిప్రాయము.

ఒక రౌండు బాగా: గంటకు 60 కిలోమీటర్లకు తగ్గక, పై గేరున బండిని నిద్రపుచ్చక, ఇంజను నిమిషమునకు 2000 చుట్లకు పైబడి తిరుగునట్లుగా, ఇంచుమించు ఇరువది నిమిషములు ఎడతెగక అని యర్థము. పేరేసంద్రలో టీకి ఆగిన యెడల రౌండు భగ్నము.

పాఠాంతరము: కొన్ని షెడ్లలో “హైవే ఎక్కి” మొదలగు పదములకు మాఱుగా “కోసి లోపలిది తీసి పారేస్తే సరిపోతుంది సార్” అను పాఠము వినవచ్చుచున్నది. ఇది ప్రక్షిప్తము. కంపెనీ నిర్మించిన రూపమును ఈ రీతిగ మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధము. డీజిలు పొగ మనుష్యులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాలయము 2012లో నిర్ధారించినది. జల్లెడ కోయించినవాడు అద్దములెత్తుకొని ఏ.సి.లో పోవును, ఆ మసి బాగేపల్లి బస్‌స్టాండున నిలిచిన బడిపిల్లలు పీల్తురు. మిగులునది కొన్ని వేల రూపాయలు. ఈ పాఠమును సమర్థించువారితో మేము వాదింపము.

రాండి: తిరిగి వచ్చుట ఇచ్చట విధింపబడినది, పలువురు దీనిని విస్మరింతురు. దీపము ఆఱినంతనే పని తీఱెనని ఇంటికి పోరాదు. మరల స్క్యానరు తగిలించి పీడనభేదము తగ్గినదో లేదో చూడవలెను. తగ్గనిచో బండిని నిలిపియుంచి యంత్రమూలమున బలవంతముగ మసిని కాల్పింతురు. అదియు ఫలింపనిచో ఫిల్టరును విప్పి కడుగుదురు. కడిగినను బూడిద వదలనిచో క్రొత్తది వేయుదురు. ఆ క్రొత్తదాని వెల ఎంతయని వర్తకుడు అడిగినట్లును, గురువు చెప్పినట్లును ఉండవలసిన ఘట్టము మూలమున లోపించినది.

తాత్పర్యము: స్పష్టము.