వదిన వాటా వంద గ్యాలన్లు

మా తోడల్లుడి గరాజ్‌లో కారు ఉండదు. ఒరెగాన్ రాష్ట్రం బీవర్టన్‌లో, చలికాలమంతా ముసురు పట్టే ఊళ్లో, ఆయన కార్లు రెండూ బయట నానుతుంటాయి. లోపల వెచ్చగా దుప్పటి కప్పుకుని ఉండేది బీరు. దుప్పటి వదినది. వెలుతురు తగిలితే బీరులో వేసే హాప్స్ పువ్వుల చేదు చెడిపోయి, బీరు స్కంక్ కంపు కొడుతుందట. వదినకి చలేస్తే ఏ కంపూ రాదు కాబట్టి ఆవిడ స్వెటర్ వేసుకుంటుంది.

ఆయన పేరు రాయను. రాస్తే కోప్పడతాడని కాదు, సంతోషించి ఇంకో పెట్టె పట్టుకొస్తాడని.

ఈ రకం మనిషి మీ బంధువుల్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. మొన్నటిదాకా కెమెరా లెన్సులు, అంతకుముందు టెలిస్కోపు, ఇప్పుడు ఇది. చిన్నప్పటి నుంచీ పెట్టింది తిని, ఆవకాయలో పడ్డది ఏ ఊరి మిరపకాయో ఏనాడూ అడగని మనిషి, ఇవాళ బార్లీ ఎక్కడ పండింది, మొలకెత్తాక ఎంత వేడిలో ఆరబెట్టారు అని కొట్లో ఆరాలు తీస్తాడు. ఆ కొట్టూ అల్లాటప్పాది కాదు. పోర్ట్‌లండ్‌లో 1918లో పుట్టిన స్టైన్‌బార్ట్. ఇంట్లో బీరు కాచేవాళ్ల సరుకులకి అమెరికాలోనే పాత కొట్టని పేరు. గుమ్మం ముందు చెప్పులు విడవడం ఒక్కటే తక్కువ, మిగతా భక్తంతా చూపిస్తాడు.

బీరు కాచేది శనివారం. టీ కూడా పెట్టుకోవడం రాని మనిషి ఆ రోజు ఆరింటికల్లా లేచి స్టవ్ వెలిగిస్తాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పలుకుగా మరపట్టి, 66 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచుతాడు. గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చేది అప్పుడే. వేడి ఎక్కువైతే బీరు చిక్కగా, తియ్యగా మిగులుతుందట. తక్కువైతే పలచబడుతుందట. అందుకని ఆ గంటా థర్మామీటర్ వదలడు. "నాకు జ్వరమొచ్చినప్పుడు ఇన్నిసార్లు పెట్టలేదు" అంటుంది వదిన. ఆయనకి వినపడదు. ఆ తీపి నీళ్లని వోర్ట్ అంటారు. దాన్ని హాప్స్ వేసి ఇంకో గంట మరిగించి, గబగబా చల్లార్చి, కార్బాయ్ అనే గాజు బుడ్డిలో పోసి, ఈస్ట్ కలిపి, గ్యాసుని బయటికి వదిలే ఎయిర్‌లాక్ బిగించాక గానీ ఆయనకి భార్యా పిల్లలూ మధ్యాహ్న భోజనమూ గుర్తుకురావు.

నీళ్ల గొడవ ఒకటుంది. వాళ్లింటి కుళాయిలో వచ్చేవి ఖనిజాలు పెద్దగా లేని తేట నీళ్లు. ఇంగ్లండ్‌లో బర్టన్ అనే ఊరి నీళ్లలో జిప్సం బాగా ఉంటుందట. అక్కడి పేల్ ఏల్ అనే బీరుకి పేరొచ్చింది ఆ నీళ్ల వల్లేనట. కాబట్టి మావాడు బంగారంలాంటి మంచినీళ్లలో చిన్న త్రాసుతో తూచి మరీ జిప్సం కలుపుతాడు. తెనాలిలో బోరునీళ్లు తాగి పెరిగిన వదిన ఇది చూసి ఆ పూటకి మాట్లాడటం మానేసింది.

అసలు చిక్కు చట్టం దగ్గర వచ్చింది. అమెరికాలో మద్యనిషేధం 1933లో ఎత్తేశాక ఇంట్లో వైన్ చేసుకోవడానికి అనుమతి దొరికింది గానీ, బీరుని వదిలేశారు. 1978 అక్టోబరులో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం పెట్టాక గానీ ఆ తప్పు సరికాలేదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకుమించో ఉంటే 200 గ్యాలన్లు కాచుకోవచ్చు. అంటే 757 లీటర్ల పైచిలుకు. చట్టం దాన్ని పరిమితి అంది. మావాడు లక్ష్యం అనుకున్నాడు. వదిన చుక్క ముట్టదు. అయినా ఆవిడ వాటా వంద గ్యాలన్లూ ఈయనే శ్రద్ధగా కాస్తాడు. భార్య హక్కుల విషయంలో ఇంత నికార్సయిన భర్తని నేను చూడలేదు. మా ఇద్దరి అత్తయ్యకి ఇక్కడికి టికెట్ బుక్ చేసిన రాత్రి మళ్లీ చట్టం తీసి చదివాడట, మూడో మనిషికి ఇంకో వంద కలుస్తుందేమోనని. కలవదు. ఇద్దరైనా ఇరవై మందైనా 200లే.

ఇంకో షరతు, అమ్మకూడదు. ఇప్పుడు లెక్క చూడండి. కాయొచ్చు, అమ్మకూడదు. తను రాత్రికి ఒక్క గ్లాసు మించి తాగడు. (ఇది నిజం. తాగుబోతయితే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.) మరి మిగతాదంతా ఎక్కడికి పోవాలి? బంధువుల్లోకి. దానికీ ఓసారి అడ్డొచ్చింది. 2010లో ఒరెగాన్ పాత చట్టం ప్రకారం ఇంటి బీరు గడప దాటకూడదని అధికారులు తేల్చారు. స్టేట్ ఫెయిర్‌లో పోటీ ఆగిపోయింది. కాచేవాళ్లంతా ఒక్కటై, 2011లో చట్టం మార్పించుకున్నారు. ఆ పోరాటం చెప్పేటప్పుడు ఆయన గొంతు గద్గదమవుతుంది. నాకు మాత్రం, గడప దాటని ఆ రోజులే రామరాజ్యం అనిపిస్తుంది.

ఎందుకంటే ఆయన గ్లాసు చేతికిస్తాడు గానీ తాగనివ్వడు. ముందు 1516కి వెళ్లాలి. ఆ ఏడు బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఏమీ ఉండకూడదని శాసనం చేశారు. "ఈస్ట్ పేరెందుకు లేదో చెప్పు?" అంటాడు. నేను చెప్పను. బీరుని పులియబెట్టేది ఈస్ట్ అనే జీవి అని అప్పటికి ఎవరికీ తెలీదని ఆయనే చెప్తాడు. అక్కణ్ణుంచి 1876లో పాశ్చర్ బీరు మీద రాసిన పుస్తకం దాకా వచ్చేసరికి గ్లాసులో నురుగంతా దిగిపోతుంది. "ఇప్పుడు తాగి, ఏం తెలుస్తోందో చెప్పు."

"వెన్న వాసనొస్తోందండీ అన్నగారూ" అన్నాను ఓసారి, మెచ్చుకోలుగా. ఆయన మొహం వాడిపోయింది. వెన్న వాసన అంటే డయాసిటైల్. ఈస్ట్ తన పని పూర్తిచేయకముందే తొందరపెడితే మిగిలిపోయే లోపం. పరిస్థితి చక్కబెడదామని మా ఆవిడ, "అరటిపండు వాసన కూడా ఉంది బావగారూ, బాగుంది" అంది. అది ఇంకా పెద్ద తప్పట. పులిసేటప్పుడు వేడెక్కిందన్నమాట. అదే జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలు రాకపోతే తప్పట. వెన్న తప్పు, అరటిపండు ఒక గ్లాసులో తప్పు, పక్క గ్లాసులో ఒప్పు. ఇంత న్యాయశాస్త్రం మనవల్ల కాదని కుటుంబమంతా ఒక నిర్ణయానికొచ్చాం. ఏది పోసినా "బాగుందండి" అనడం, ఆయన అటు తిరగ్గానే సింకులో ఒంపడం. ఆయన పిచ్చివాడు కాదు. "బాగుంది సరే, ఎలా బాగుంది?" అని అడిగేవాడు. "చాలా బాగుంది" అనేవాళ్లం.

ఈలోగా అత్తయ్య వచ్చారు. మొదటి రాత్రే, "అల్లుడుగారూ, గరాజ్‌లో ఏదో గుటకలేస్తోందండీ" అన్నారు. ఎయిర్‌లాక్ బుడగలు. ఆవిడ దుప్పటి తొలగించి, ఓసారి ముక్కు పెట్టి, "పులుస్తోంది" అని తేల్చేశారు. ఆ పైన ఒక్క ప్రశ్న అడిగారు. "తోడు ఎవరిచ్చారు?"

మావాడు కరిగిపోయాడు. అత్తవారి వైపు నుంచి ఆయనకి అందిన మొదటి తెలివైన ప్రశ్న అది. శాకరోమైసిస్ సెరివిసియే అనే ఆ ఈస్ట్ గురించి ఆ రాత్రి ఆవిడకి నిద్రలేకుండా చెప్పాడు. మర్నాడు ఆవిడ భోజనమయ్యాక ద్రాక్షారిష్టం సీసా తీసేసరికి ఈయన కళ్లు దాని మీద పడ్డాయి. అరిష్టాలు పులియబెట్టేవే, వాటిలో దానంతటదే పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, సీసా మీద రాసే ఉంటుంది. సన్నటి గాజు గొట్టంలో కాస్త ఒంపుకుని హైడ్రోమీటర్ వేసి చూశాడు. కాసేపటికి తల పట్టుకున్నాడు. "ఒరిజినల్ గ్రావిటీ ఎవరూ తీసి ఉంచలేదండీ!" పులియకముందు సాంద్రత ఎంతో, పులిశాక ఎంతో తెలిస్తే, ఆ తేడాని 131.25తో గుణిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. మొదటి అంకె లేకపోతే లెక్క లేదు. "పోన్లెండి బాబూ, నాకు అరిగితే చాలు" అన్నారావిడ.

ఆవిడ ఉండగానే సీసాలు పేలాయి. మూత బిగించే ముందు సీసాల్లోకి కొంచెం పంచదార చేరాలి, గ్యాసు పుట్టడానికి. ఆ కొంచెం కాస్తా ఎక్కువైంది. వాటిని చీకట్లో ఉంచాలని వదిన బట్టల అల్మరాలో పెట్టాడు. అర్ధరాత్రి ఒకటి, దాని వెనక ఇంకొకటి. "దీపావళి ఇక్కడ ముందే చేస్తారా?" అని అత్తయ్య అడగడం, వదిన లేచి లైటు వేసి ఉప్పాడ చీర చూసుకోవడం ఒకేసారి జరిగాయి. వదిన అరవలేదు. మర్నాడు కాఫీ ఇస్తూ, "మీలాంటివాళ్లు ఈ ఊళ్లో ఇంకా ఉంటారు. వాళ్లని వెతుక్కోండి" అంది.

ఉన్నారు. నెలకోసారి కలుస్తారు. తాగి డ్రైవ్ చేయకూడదని నన్ను తోడు తీసుకెళ్లాడు. రిటైరైన ప్లంబర్, హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పే టీచరమ్మ, పళ్ల డాక్టరు, ఇంకా అలాంటివాళ్లు. సీసాలకి చీటీలుండవు, మూతల మీద మార్కర్ గీతలే గుర్తులు. ఒక్కొక్కరికీ రెండు గుక్కలకి మించి పొయ్యరు. మన తెలుగువాళ్ల పార్టీలో గుమ్మంలోనే ఏ కంపెనీ, గ్రీన్‌కార్డు ఎంతవరకొచ్చింది, ఇల్లెంతకి కొన్నారు అనే మూడు ప్రశ్నలు పడతాయి. ఇక్కడ ఒకటే. "ఇప్పుడేం కాస్తున్నావు?" మావాణ్ణి అమెరికా వచ్చాక అంత సూటిగా, అంత ఆసక్తిగా ఎవరూ ఏమీ అడగలేదనుకుంటాను.

ఈయన సీసా వంతు వచ్చింది. ప్లంబర్ ఒక గుక్క తాగి, పైకప్పు వైపు చూసి, "మరిగేటప్పుడు మూత పెట్టావా?" అన్నాడు. పెట్టాడు. మూత పెడితే ఆవిరితో పోవాల్సింది పోక, ఉడికిన మొక్కజొన్న వాసన మిగిలిపోతుందట. చల్లార్చడం కూడా ఆలస్యమైందంది టీచరమ్మ. హాప్స్ పాతబడ్డాయన్నాడు పళ్ల డాక్టరు. జిప్సం తగ్గించమన్నారు ఇంకెవరో. అరగంట ఉతికి ఆరేశారు. నాకు రక్తం మరిగింది. ఎంతైనా మా తోడల్లుడు, తిట్టే హక్కు మా ఇంటివాళ్లది. లేచి ఏదో అనబోయి పక్కకి చూస్తే, ఈయన పెళ్లిచూపుల్లో నచ్చిన కుర్రాడిలా వెలిగిపోతూ చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో అన్నాడు. "చూశావా తమ్ముడూ, ఎంత గౌరవంగా తిట్టారో!"

ఆయనకి కావలసింది తాగేవాళ్లు కాదని అప్పుడు తెలిసింది. అన్ని నెలలూ మేం మర్యాదకి "బాగుందండి" అంటూ, ఆయన్ని ఆ గరాజ్‌లో ఒంటరిగా వదిలేశాం. మూత పెట్టావా అని అడగడానికి ఒక ప్లంబర్ కావలసివచ్చాడు.

ఇక ఆపేవాళ్లెవరు? ప్లంబర్ ఇచ్చిన ఈస్ట్ జాడీ అత్తయ్య పెరుగు పక్కన ఫ్రిజ్‌లో చేరింది. టీచరమ్మ ఇచ్చిన కాస్కేడ్ హాప్స్ వేరు, వదిన బీరపాదు పెట్టుకునే పందిరికి అల్లుకుంది. 1972లో విడుదలైన ఆ రకం ఒరెగాన్‌లోనే పుట్టిందని ఆయన చెప్పబోతే, బీరకాయ ఎప్పుడు పుట్టిందో చెప్పమంది వదిన. బీరు బాగుపడింది. ఈ మాట మర్యాదకి అనడం లేదు. నా ఉద్యోగం ఊడిన వారంలో ఒక సాయంత్రం వచ్చి, సీసా మూత తీసి గ్లాసులో పోసిచ్చి, 1516 గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా రెండు గంటలు కూర్చున్నాడు. అదెంత త్యాగమో ఆయన్ని ఎరిగినవాళ్లకే తెలుస్తుంది.

ఇప్పుడు జడ్జి పరీక్షకి చదువుతున్నాడు. బీరు జడ్జీలకి పరీక్షలు పెట్టే సంస్థ ఒకటి 1985 నుంచీ ఉంది. వాళ్ల లెక్కలో ఒక్కో బీరుకి మొత్తం 50 మార్కులు. వాసనకి 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకి 5, మొత్తమ్మీద ఎలా ఉందనడానికి 10. ఎంత ఘోరమైన బీరుకైనా 13 ఇవ్వడం మర్యాదట. ఇంట్లో వదిన పులుసుకి 38 వేశాడు. ఆయన మొట్టమొదటిసారి ఉప్మా చేస్తే వదిన 13 వేసింది.

ఈ వ్యాసం అచ్చుకి పంపే ముందు ఆయనకిచ్చాను. నేను రాసింది చదివిన చుట్టాలంతా "బాగుంది" అంటారు, ఎలా బాగుందంటే "చాలా బాగుంది" అంటారు. ఈయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, చీటీ తీసి 27 వేశాడు. జడ్జీల లెక్కలో 'మంచిదే' అన్న వరసలోకి వస్తుందట. "అత్తయ్య ఉన్నచోట బాగా పులిసింది. ముందు భాగంలో నురుగెక్కువైంది."

నాకు ఒళ్లు మండాలి. మండలేదు. కుర్చీ దగ్గరకి లాక్కుని, మిగతా 23 ఎక్కడ పోయాయని అడిగాను. చెప్పడానికి టైం పడుతుందని సీసా తెరిచాడు.