అడ్డం పెట్టిన చెయ్యి

న్యూజెర్సీలో మన బండికి మనం పెట్రోలు కొట్టుకోకూడదు. 1949లో చేసిన చట్టం ఇప్పటికీ నడుస్తోంది. ఒరెగాన్‌లోనూ ఇలాంటిదే ఉండేది కానీ 2023లో అక్కడ సడలించారు. దాంతో అమెరికాలో ఈ పద్ధతి పట్టుకున్న రాష్ట్రం మాది ఒక్కటే మిగిలింది. పంపు దగ్గర బండి ఆపి, అద్దం దించి, ఎంతకు కొట్టాలో చెప్పి కూర్చోవడమే. మంచు పడే రోజుల్లో అంతకంటే సుఖం లేదు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు ఇదొక్కటైనా మన ఊళ్ళోలాగే ఉందని సంబరపడతారు. ఎనిమిదేళ్ళపాటు నేనూ సంబరపడ్డాను. 2023 చివర్లో పోర్షే 911 కొన్నాక ఆ సుఖం పోయింది.

సెకండ్ హ్యాండ్ బండే. అయినా పదిహేనేళ్ళ కల. విజయవాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్ గోడ మీద అంటించుకున్న బొమ్మ అది. మా నాన్న తన స్కూటర్ని రోజూ పొద్దున్నే పాత బనియన్ గుడ్డతో తుడిచి గానీ కాఫీ తాగేవాడు కాదు. బండిని చూసుకోవడమంటే ఏమిటో నాకు ఆయన దగ్గరే తెలిసింది.

911లో ఇంజను వెనక, పెట్రోలు ట్యాంకు ముందు. పెట్రోలు పోసే మూత కుడి ముందు చక్రం పైన, ఫెండర్ మీద, చూపు ముందుగా పడేచోట ఉంటుంది. గన్ బయటికి తీసేటప్పుడు జారిన చుక్క ఆ వంపు మీదుగా చక్రం దాకా పాకుతుంది. నాది ముదురు నీలం. ముదురు రంగు దేన్నీ దాచదు. పైకి కనిపించే మెరుపంతా క్లియర్‌కోట్ అనే పొర. దాని మందం 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూ ఉంటుంది, తల వెంట్రుక కంటే సన్నం. పెట్రోలు చుక్క దాని మీద పడితే ముందు పైన పూసిన మైనం కరిగిపోతుంది, ఎండలో అలాగే ఆరనిస్తే మరక దిగుతుంది. బంపరుకూ హుడ్డుకూ ప్లాస్టిక్ ఫిల్మ్ వేయించాను గానీ ఫెండర్ల దాకా వచ్చేసరికి డబ్బు చాల్లేదు.

అందుకని జాగ్రత్తలన్నీ నేర్చుకున్నాను. గొట్టం ఫెండర్ మీద ఆనకూడదు, భుజం మీదుగా వేసుకోవాలి. టక్కుమని గన్ ఆగాక ఇంకో డాలరుకు సరిపెడదామని మళ్ళీ నొక్కకూడదు. ఆగిన వెంటనే లాగేయకుండా పది అంకెలు లెక్కపెట్టాలి. లాగేముందు గన్ మూతిని పైకి తిప్పితే లోపల మిగిలిన నాలుగు చుక్కలూ అంత తేలిగ్గా బయటికి జారవు. ఇవన్నీ నాకు తెలుసు. గన్ మాత్రం నా చేతికివ్వరు. నేను పట్టుకుంటే జరిమానా పంపువాళ్ళకు పడుతుంది.

మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి, పసుపురంగుది, కారు డోరు అరలో పెట్టుకునేవాణ్ణి. పంపు దగ్గర నేనూ దిగి, మూత చుట్టూ ఆ గుడ్డ పరిచి, పక్కనే నిలబడి, అయ్యాక అదే గుడ్డతో ఫెండరంతా తుడిచి గానీ కదిలేవాణ్ణి కాదు.

ఎడిసన్‌లో నేను వెళ్ళే పంపులో ఒక పెద్దాయన పనిచేసేవాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. మొదటిరోజే నా ఫోన్ మాటలు విని "తెలుగువాళ్ళా బాబూ" అన్నాడు. అవునన్నాను. మాట అక్కడితో ఆగింది. ఏ ఊరు, ఎవరి దగ్గర ఉంటున్నారు, ఇంత చలిలో ఈ వయసులో ఈ పని ఎందుకు, ఏ ఒక్కటీ అడగలేదు. నా చూపంతా గన్ మీదే ఉండేది.

ఆయనకు నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. గొట్టం భుజం మీద వేసుకునేవాడు. ఆగాక ఆగేవాడు. మూతి పైకి తిప్పేవాడు. వీటన్నిటికీ తోడు, గన్ బయటికి తీసేటప్పుడు ఎడమ అరచెయ్యి దొప్పలా చేసి దాని కింద పట్టేవాడు. చేతికి గ్లోవ్ ఉండేది కాదు. ఒకటో రెండో చుక్కలు ఆ అరచేతిలోనే పడేవి. చెయ్యి పక్కకు విదిలించి, ప్యాంటుకు రాసుకునేవాడు. పెట్రోలు చర్మంలోని నూనెంతా లాగేస్తుంది. ఆయన వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చి ఉండేది. అది నాకు కనిపించేది. నా ఫెండర్ మీద చుక్క పడలేదన్న తృప్తి దానికంటే ముందు కనిపించేది.

2024 మార్చి నెల. చలికాలమంతా మంచు మీద చల్లిన ఉప్పూ, సన్న ఇసుకా ఇంకా నేల మీద మిగిలి ఉన్న రోజులు. ఒక సాయంత్రం పెట్రోలు కొడుతుండగా గాలికి నా గుడ్డ ఎగిరి కింద పడింది. వంగి తీసుకుని రెండుసార్లు దులిపాను. ఆయన గన్ పెట్టేసి వచ్చి, తడి చెయ్యి నా వైపు చాపాడు.

"బాబూ, ఆ గుడ్డ ఒకసారి ఇట్టా ఇస్తారా?"

అరచెయ్యి పెట్రోలుతో మెరుస్తోంది.

"ఇది చేతులు తుడుచుకునే గుడ్డ కాదండీ," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను ఎప్పట్లాగే ఫెండర్ తుడుచుకుని వచ్చేశాను.

ఆ శనివారం ఇంటి ముందు కారు కడిగాను. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతోంది. పెట్రోలు మూత కింద, అరచెయ్యి వెడల్పున, ఏడెనిమిది సన్నటి గీతలు నెలవంకల్లా వంగి కనిపించాయి. గోరుకు తగలడం లేదు. కంటికి మాత్రం వాటిని తప్పించి ఇంకేమీ ఆనడం లేదు. కడుపులో దేవినట్టయింది. ఆలోచించాను. ఆ ఫెండర్ దగ్గరికి వచ్చే మనిషి ఒక్కడే. ఆయన వేసుకునే జాకెట్టుకు పొట్ట దగ్గర ఇత్తడి జిప్పు ఉంది. గన్ పెట్టేటప్పుడు వంగుతాడు.

తిన్నగా పంపుకు వెళ్ళాను. గీతలు చూపించాను. మర్యాద తప్పి మాట్లాడలేదు. కానీ గట్టిగానే అడిగాను, పక్క వరుసలో పెట్రోలు కొట్టించుకుంటున్నవాళ్ళు అద్దాలు దించి చూసేంత గట్టిగా. ఆయన ఆ గీతల్ని కాసేపు చూశాడు. డోరు తీసి ఉన్న కారు లోపలికి చూశాడు. నా మొహంలోకి చూశాడు. ఒక్క మాట అనలేదు. తప్పు చేశాడు కాబట్టే నోరు లేవడం లేదనుకున్నాను.

యజమాని పంజాబీ ఆయన. లోపలి గది నుంచి వచ్చాడు. గీతలు తీయించడానికి 350 డాలర్లవుతుందని ఫోన్లో కనుక్కున్నాను, ఇవ్వకపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళతానని చెప్పాను. ఆయన హిందీలో బతిమాలుతున్నట్టే మాట్లాడాడు. మూడు రోజులు గడువడిగాడు.

మూడో రోజు కవరిచ్చాడు. లెక్క సరిగ్గానే ఉంది. ఇరవైలు కొన్ని, మిగతావన్నీ పదులూ అయిదులూ ఒకట్లూ. నోట్లు పెట్రోలు వాసన కొట్టాయి. పంపు గల్లాపెట్టెలోవి కదా అనుకున్నాను. ఆ పెద్దాయన ఆ రోజు కనిపించలేదు.

పక్క ఊళ్ళో కార్లకు మెరుగు పెట్టే షాపుకు తీసుకెళ్ళాను. ఆ కుర్రాడు పని తెలిసినవాడు. ముందు పలచటి ప్లాస్టిక్ సంచీ ఒకటి చేతికి తొడుక్కుని ఫెండరంతా తడిమాడు. సంచీ ఉంటే వేళ్ళకు చిన్న గరుకైనా పట్టుబడుతుంది. తర్వాత దీపం అడ్డంగా పట్టి చూశాడు.

"మూత చుట్టూ ఒక్క పెట్రోలు మరక కూడా లేదు. నేను చూసే 911లలో ఇది అరుదు," అన్నాడు. "ఈ గీతలు దేనితో పడ్డాయనుకుంటున్నారు?"

జిప్పు సంగతి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. జిప్పు గీస్తే ఒకటో రెండో తిన్నగా, లోతుగా పడతాయట. ఇవి ఒకదాని పక్కన ఒకటి, ఒకే వంపుతో ఉన్నాయి. చెయ్యి భుజం నుంచి తిరిగే వంపు అది.

"మీరు దేనితో తుడుస్తారు? ఆ గుడ్డ ఒకసారి ఇలా ఇస్తారా?"

ఆ మాట వినగానే లోపల ఏదో మెలిపెట్టింది. డోరు అరలోంచి తీసిచ్చాను. అతను బల్ల సొరుగులోంచి పాత సీడీ ఒకటి తీశాడు. మెరిసే వైపు పైకి పెట్టి, నా గుడ్డతో, నేను ఫెండర్ తుడిచినట్టే ఒక్క విసురు తుడిచాడు. దీపం కిందికి జరిపాడు. సీడీ మీద ఏడెనిమిది సన్నటి గీతలు, నెలవంకల్లా.

గుడ్డను వేళ్ళ మధ్య పరిచి, పోగుల్ని విడదీసి చూపించాడు. మైక్రోఫైబర్ పోగులు పట్టుకున్నదాన్ని ఒక పట్టాన వదలవు. దులిపితే రాలేది దుమ్మే. ఆవగింజలో పదో వంతు కూడా లేని ఇసుక రేణువులు మూడో నాలుగో, దీపం వెలుగులో మెరుస్తున్నాయి. ఇసుక రాయి జాతి. క్లియర్‌కోట్ దాని ముందు వెన్నముద్ద.

రెండు గంటల్లో గీతలు పోయాయి. నా కార్డుతోనే కట్టాను. కవరు జేబులో అలాగే ఉంది.

అక్కడి నుంచి పంపుకు వెళ్ళాను. యజమాని ముందు కవరు పెట్టి, తప్పు నాదే, నా గుడ్డదే అని చెప్పాను. ఆయన కవరు ముట్టుకోలేదు.

"ఈ డబ్బు నాది కాదు," అన్నాడు. "నేను ఇన్సూరెన్సుకు రాద్దామనుకున్నాను. రెండో రోజు ఆ పెద్దాయనే తెచ్చి ఇచ్చాడు. కోర్టూ గొడవా నీకెందుకు, నువ్వు నాకు పని ఇచ్చావు అన్నాడు. ఎవరిచ్చారో మీకు చెప్పొద్దన్నాడు."

ఆ ఏడాది న్యూజెర్సీలో కనీస వేతనం గంటకు 15 డాలర్ల 13 సెంట్లు. ఆయనకు అంతే ముడుతుంటే 350 డాలర్లంటే 23 గంటల నిలువుకాళ్ళ జీతం. నోట్ల వాసన ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

"మీకు ఎదురుపడటం ఇబ్బందని రాత్రి డ్యూటీకి మార్చుకున్నాడు," అని యజమాని మళ్ళీ అన్నాడు. "మీ ఊరివైపే. విజయవాడ. అక్కడేదో ఆటోనగర్ అట కదా, ముప్పై ఏళ్ళు సొంత షెడ్డు నడిపాడట, కార్లకు రంగులేసేవాడు."

ఆ ఆటోనగర్‌కు నేను నాన్న వెనక స్కూటర్ మీద కూర్చుని వెళ్ళాను. లప్పం పెట్టిన రేకుల మీద నీళ్ళు పోసుకుంటూ, వాటర్ పేపర్ పట్టి రుద్దుతూ, కళ్ళు మూసుకుని అరచేత్తో నునుపు చూసుకునే మనుషుల్ని చూశాను.

రాత్రి పదింటికి మళ్ళీ వెళ్ళాను. వరుసలో ఇంకో బండి లేదు. కారు చూడగానే గుర్తుపట్టి, నడుస్తున్నవాడల్లా ఒక్క క్షణం ఆగి, వచ్చాడు. నేను దిగి కవరు చాపాను. చెప్పాలనుకున్నవన్నీ గొంతులోనే ఉండిపోయాయి. "బాబాయ్ గారూ" అన్నది ఒక్కటే పైకి వచ్చింది.

ఆయన కవరుకేసి చూడలేదు. రెండు చేతులూ ప్యాంటుకు తుడుచుకుని, ఫెండర్ పక్కన గొంతుక్కూర్చుని, తల ఒక పక్కకు వాల్చి, పైన దీపాల వెలుతురు ఆ వంపు మీద ఎలా జారుతోందో చూశాడు. అరచెయ్యి రంగుకు తగలకుండా, బెత్తెడు ఎత్తున, ఆ చివరి నుంచి ఈ చివరికి పోనిచ్చాడు.

"పోయినయ్యి. బాగా చేశాడు," అన్నాడు.

మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు. గన్ తీసి, గొట్టం భుజం మీద వేసుకుని, అప్పుడు అడిగాడు.

"ఆ గుడ్డ పారేశారా బాబూ?"